ఒకటో తారీఖు

మధురానగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి లోపలి వీధుల్లోకి నడిస్తే హైదరాబాద్ కాస్త నెమ్మదిస్తుంది. పాత రెండంతస్తుల మేడలు, వాటి పక్కనే కొత్తగా లేచిన అపార్టుమెంట్లు, గేటు దగ్గర మందార చెట్టు, డాబా మీద నీళ్ల ట్యాంకును ఆనుకుని ఒంటి గది. అటు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. ఇంకొంచెం ఎత్తెక్కితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. గుట్ట మీద సినిమా తీసేవాళ్లు, గుట్ట కింద సినిమాకు పనిచేసేవాళ్లు, మధ్యలో నెల జీతంతోనో పెన్షన్‌తోనో ఇల్లు నడుపుకునే గృహస్థులు.

ఇలాంటి వీధిలో మాకు తెలిసిన ఇల్లు ఒకటుంది. కింది వాటాలో పదవీ విరమణ చేసిన హెడ్మాస్టారు. పై వాటాలో ఆయన కూతురు, అల్లుడు. కూతురూ ప్రభుత్వ టీచరే. డాబా మీది గదిలో పాతికేళ్లుగా షూటింగుల్లో లైట్లు మోస్తున్న లైట్‌మన్ కుటుంబం. గేటు పక్కన వేపచెట్టు నీడలో ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దావిడ. ఒకే గేటులోంచి వచ్చిపోయే ఈ నలుగురి ముసలితనాలూ నాలుగు రకాలు. పెన్షన్ సంస్కరణ అని మనం పెద్ద మాటల్లో చెప్పుకునే విషయమంతా ఆ గేటు దగ్గర నిలబడితే అర్థమవుతుంది.

ప్రతి నెలా ఒకటో తారీఖున మాస్టారు వరండాలో పేపరు చదువుతుంటే, పనికి బయల్దేరిన లైట్‌మన్ మెట్లు దిగుతూ ఒకే మాట అడుగుతాడు. "ఏం మాస్టారూ, పడిందా?" ఆయన ఫోను చూసుకుని "పడింది నాయనా" అంటారు. ఊళ్లో వాన పడిందా అని అడిగినట్టే ఉంటుంది ఆ అడగడం. అందులో అసూయ లేదు. ఎవరో ఒకరికైనా చెప్పిన రోజుకు చెప్పినట్టు డబ్బు పడుతోందన్న తృప్తి ఉంది. కానీ ఒక ఒకటో తారీఖున అతను మెట్ల మీదే ఆగి, "మాకెందుకు లేదు మాస్టారూ? మేమూ పనే చేశాం గదా" అన్నాడు. పాఠాలు చెప్పి చెప్పి ఎన్ని ప్రశ్నలకో జవాబిచ్చిన మాస్టారికి ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. మనకు దొరికిందా?

మాస్టారిది పాత పెన్షన్. నిండు సర్వీసు చేసినవారికి ఆఖరి జీతంలో సగం వస్తుంది. ధరలు పెరిగితే కరువు భృతి (డీఆర్) కలుస్తుంది. ఆయన తరవాత భార్యకు ఫ్యామిలీ పెన్షన్ అందుతుంది. దానికోసం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన జీతంలోంచి వాటా కట్టనక్కర్లేదు. ఇస్తానన్నది ప్రభుత్వం, ఇచ్చేదీ ప్రభుత్వమే. మార్కెట్ లేచినా పడినా ఆయన ఒకటో తారీఖు కదలదు. ఏడాదికోసారి బతికే ఉన్నానని రుజువు చూపించుకుంటే చాలు.

కూతురిది సీపీఎస్. ఆమె 2006లో ఉద్యోగంలో చేరింది. కేంద్రం 2004 జనవరి 1 తరవాత చేరినవారికి కొత్త విధానం పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే దారిలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారిని కంట్రిబ్యూటరీ పెన్షన్‌లోకి మార్చింది. జీతం, కరువు భత్యం కలిపి పదో వంతు ఆమె వాటాగా కోస్తారు. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. ఆ డబ్బు మార్కెట్‌లోకి వెళ్తుంది. రిటైరైన రోజున పోగైన మొత్తంలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. దానిమీద వచ్చేదే నెల పెన్షన్. యాన్యుటీకి పది లక్షలు పెట్టారనుకుందాం. ఏడాదికి ఆరు శాతం లెక్కన నెలకు ఐదు వేలు. పదేళ్ల తరవాత బియ్యం ధర ఎంతైనా ఆ ఐదు వేలు ఐదు వేలే. దానికి డీఆర్ లేదు.

తండ్రి చెప్పిన పాఠాలే ఆమె చెబుతోంది. అలాంటి బళ్లోనే, అదే సుద్దముక్కతో. ఏటా సెప్టెంబరు 1న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సీపీఎస్ ఉద్యోగులు పెన్షన్ విద్రోహ దినం పాటిస్తారు. నల్లబ్యాడ్జీ పెట్టుకుని బడికి వెళ్తున్న కూతురితో మాస్టారు ఒకసారి అన్నారు. "నాకు పెన్షన్ పడ్డ రోజు నీ మొహం చూడాలంటే మొహమాటంగా ఉంటుందమ్మా." ఏ కమిటీ నివేదికా ఆ మొహమాటాన్ని లెక్కలోకి తీసుకోదు. కానీ జనం మనసు తెలుసుకోవాలంటే మొదట చూడాల్సింది దాన్నే.

ఇస్త్రీ బండి పెద్దావిడకు భర్త లేడు. ఆమెకు ఆసరా పథకం కింద నెలకు 2,016 రూపాయలు వస్తాయి. తెలంగాణ ఏర్పడిన 2014లో 200 ఉన్న ఆ మొత్తం వెయ్యి అయింది, 2019లో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో నాలుగు వేలు చేస్తామన్న మాట విన్నది. ఆ మాట కోసం ఎదురుచూస్తోంది. ఆమె చెల్లెలు గుంటూరు వైపు ఉంటుంది. అక్కడ 2024 జులై నుంచి నెలకు నాలుగు వేలు, ఒకటో తారీఖున గ్రామ సచివాలయం మనిషి ఇంటికొచ్చి చేతిలో పెట్టి వెళ్తాడు. అక్కచెల్లెళ్లిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నప్పుడు పిల్లల సంగతులు అయ్యాక పింఛను సంగతే వస్తుంది. తనకు ఏ తారీఖున పడుతుందోనని అక్క, తనకు ఇంటికే వచ్చిందని చెల్లెలు.

మన భాషలోనే ఈ తేడా దాగి ఉంది. మాస్టారు తీసుకునేదాన్ని పెన్షన్ అంటాం. పెద్దావిడ తీసుకునేదాన్ని పింఛను అంటాం. మూలం ఒకటే మాట. కానీ ఒకటి విన్నప్పుడు సర్వీసు, స్కేలు, హక్కు గుర్తొస్తాయి. రెండోది విన్నప్పుడు జాబితా, కార్డు, దయ గుర్తొస్తాయి. పింఛను ఇచ్చే నాయకుడు తాను పెద్దకొడుకునని చెప్పుకుంటాడు. పెన్షన్ తీసుకునే ఉద్యోగి ఎవరినీ పెద్దకొడుకని అనక్కర్లేదు. డి.ఎస్. నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఆ అవసరం లేకుండా చేసింది. పెన్షన్ ప్రభువుల దయాభిక్ష కాదని, చేసిన సేవకు వచ్చే హక్కని ఆ తీర్పు సారాంశం. అందుకే పెన్షనర్లు ఆ రోజును ఏటా పండగలా జరుపుకుంటారు. చేసిన సేవకు హక్కు అన్నప్పుడు, ఆ సేవ సర్కారు బడిలో చేసినదైతేనే సేవా? రోడ్డు పక్కన నలభై ఏళ్లు పదిమంది బట్టలు మడతపెట్టినదానికి ఏ పేరు పెడదాం?

నాలుగోవాడు లైట్‌మన్. అతనికి పెన్షనూ లేదు, పింఛనూ లేదు. యూనియన్ కార్డు ఉంది. కాల్‌షీట్ ఉన్న రోజు కూలి ఉంది, బత్తా ఉంది. ప్యాకప్ అంటే ఆ రోజు లెక్క ముగిసినట్టే. తెలుగు సినిమాలో 24 శాఖలున్నాయి. అన్నిటిలోనూ నడివయసు దాటినవాళ్ల కథ ఇంచుమించు ఇదే. 2025 ఆగస్టులో కూలి 30 శాతం పెంచాలని, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలని ఫిల్మ్ ఫెడరేషన్ కార్మికులు పద్దెనిమిది రోజులు పని ఆపారు. రోజుకు రెండు వేల లోపు వచ్చేవారికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచే ఒప్పందంతో సమ్మె ముగిసింది. అది న్యాయమైన పోరాటం. కానీ ఆ రోజుల్లో వినిపించిందంతా ఇవాళ్టి కూలి గురించే. చేతులు లైటు మోయలేని రోజు వస్తే ఏమిటన్న మాట అందరి మనసులోనూ ఉండే ఉంటుంది. దాన్ని పెట్టడానికి ఒప్పంద పత్రంలో చోటు లేదు.

సినిమావాళ్లకు ఈ సంగతి కొత్తది కాదు. పోతనగా, వేమనగా, త్యాగయ్యగా తెలుగువారి గుండెల్లో నిలిచి, 1965లో పద్మశ్రీ అందుకున్న చిత్తూరు నాగయ్య చేతికి ఎముక లేకుండా దానం చేసి, చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. అంత వెలుగు చూసినవారి గతే అలా ఉంటే, ఆ వెలుగు కోసం లైటు పట్టుకున్నవాడి సంగతి చెప్పనక్కర్లేదు. పరిశ్రమలో మనసున్నవాళ్లకు కొదవ లేదు. నటుడు డాక్టర్ ప్రభాకర్‌రెడ్డి కార్మికుల ఇళ్ల కోసం పాటుపడ్డారు. మణికొండ దగ్గరి చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదే ఉంది. 2020లో కరోనాతో షూటింగులు ఆగిపోయినప్పుడు చిరంజీవి చొరవతో నటులు, నిర్మాతలు నిధి పోగుచేసి కార్మికుల ఇళ్లకు సరుకులు పంపారు. ఆ మంచితనానికి దండం పెట్టాలి. అయితే మంచితనం ఆపద వచ్చినప్పుడు లేస్తుంది. ముసలితనం ఆపదలా ఒక్కసారి రాదు. రోజూ కాస్త కాస్త వస్తుంది. దానికి కావలసింది రోజూ ఉండే ఏర్పాటు.

ఇప్పుడు ప్రభుత్వాల వైపు నుంచి కూడా నిజాయితీగా చూడాలి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఇవాళ సుమారు 70. అది మన గొప్పతనమే. కానీ ముప్ఫై ఏళ్లు జీతమిచ్చిన ఖజానా ఆ తరవాత పాతికేళ్లు పెన్షన్, ఆపైన ఫ్యామిలీ పెన్షన్ ఇవ్వాలి. 2022, 2023లలో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్‌ప్రదేశ్ పాత పెన్షన్‌కు తిరిగి వెళ్తామన్నప్పుడు, అన్ని రాష్ట్రాలూ అదే చేస్తే దీర్ఘకాలంలో భారం కొత్త విధానంతో పోలిస్తే నాలుగున్నర రెట్ల దాకా చేరవచ్చని రిజర్వ్ బ్యాంక్‌లో జరిగిన అధ్యయనం లెక్కగట్టింది. ఆ భారం మోసేది ఎవరు? పన్ను కట్టేవాళ్లు. ఈ దేశంలో పనిచేసేవాళ్లలో చాలామందికి ఏ పెన్షనూ లేదు. సబ్బు కొన్నా టికెట్ కొన్నా పన్ను కడుతున్నది వాళ్లే. లైట్‌మన్ కొన్న సబ్బు మీది పన్ను కూడా మాస్టారి ఒకటో తారీఖులో ఉంది. మాస్టారు ఈ మాట కాదనరు. ఆయన లెక్కల మాస్టారు.

మరి జనం సంస్కరణను ఎందుకు ఇష్టపడరు? ఇష్టపడరన్న మాటే పూర్తిగా నిజం కాదని మా నమ్మకం. 1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయిన కొత్తలో ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి ఒక్కసారిగా 55కు తగ్గించారు. వేలమంది ఉన్నపళాన ఇంటికి పోవలసి వచ్చింది. రాష్ట్రం అట్టుడికింది. మరుసటి ఏడాదే దాన్ని తిరిగి 58 చెయ్యవలసి వచ్చింది. అదే వయసు ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కు పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఉద్యోగాల కోసం చూస్తున్న యువకులకు కష్టమనిపించింది, అది సహజం. కానీ ఇళ్లు తల్లకిందులు కాలేదు. రెండూ వయసు మార్పులే. మొదటిది జనం వేసుకున్న లెక్కను నడిమధ్యలో చెరిపింది. కూతురి పెళ్లి, ఇంటి అప్పు, కొడుకు చదువు అన్నీ ఆ లెక్క మీదే నిలబడి ఉన్నాయి.

సీపీఎస్ కోపంలోనూ ఇదే ఉంది. నోటిఫికేషన్ 2003లో వచ్చి, నియామకాలు ఆలస్యమై, 2004 సెప్టెంబరు తరవాత చేరిన టీచర్లు ఏళ్ల తరబడి ఒకే మాట అడుగుతూ వచ్చారు. ఆలస్యం మేం చేసింది కాదు గదా, శిక్ష మాకెందుకని. కేంద్రం ఇలాంటివారి విషయంలో 2023 మార్చిలో దారి తెరిచింది. 2003 డిసెంబరు 22కు ముందు నోటిఫై అయిన పోస్టుల్లో చేరినవారు పాత పెన్షన్ కోరుకోవచ్చంది. రాష్ట్రాల్లో అలాంటి పాత నోటిఫికేషన్ల వారు ఆ తరవాతా దస్తావేజుల కట్టలు పట్టుకు తిరిగారు. ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల ముందు అధికారంలోకి వచ్చిన వారంలోపు సీపీఎస్ రద్దు చేస్తామని మాటిచ్చారు. వారం గడిచింది, నాలుగేళ్లు గడిచాయి. చివరికి 2023లో హామీ పెన్షన్ విధానం (జీపీఎస్) చట్టం వచ్చింది. ఆఖరి మూలవేతనంలో సగానికి హామీ, ధరలతో పాటు పెంపు ఉన్న ఆ విధానం సీపీఎస్ కంటే మెరుగైనదే. అయినా ఉద్యోగులు దాన్ని చేతులు చాచి అందుకోలేదు. రద్దు అన్న మాట చెవిలో ఉండగా సర్దుబాటు రుచించదు. ముందు మాట అంత పెద్దదిగా ఇవ్వకపోయి ఉంటే ఆ చట్టానికి వేరే స్వాగతం దొరికేది.

కేంద్రానికీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పెన్షన్ పథకం (యూపీఎస్) అమల్లోకి వచ్చింది. పాతికేళ్ల సర్వీసుంటే ఆఖరి పన్నెండు నెలల మూలవేతనం సగటులో సగం, పదేళ్లుంటే కనీసం పది వేలు. ప్రభుత్వ వాటా 18.5 శాతం. కాగితం మీద ఇది ఉద్యోగులు అడుగుతూ వచ్చిన భరోసాకు దగ్గరగానే ఉంది. గడువు పొడిగిస్తూ పోయినా ఎంచుకున్నవారు కొద్దిమందే. ఇరవై ఏళ్లలో నియమం ఒకసారి మారింది, మళ్లీ మారింది, ఇంకోసారి మారదన్న నమ్మకం ఎవరికీ లేదు. జనానికి కొత్త విధానం మీద కంటే విధానం నిలుస్తుందా అన్నదాని మీదే అనుమానం.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 2023లో ఫ్రాన్స్ పెన్షన్ వయసును 62 నుంచి 64కు పెంచింది. పార్లమెంటులో ఆఖరి ఓటు లేకుండానే రాజ్యాంగంలోని ప్రత్యేక అధికారంతో దాన్ని ఆమోదింపజేసుకుంది. లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. రెండేళ్ల భారంతో పాటు, తమను అడగలేదన్న బాధా వాళ్ల నినాదాల్లో వినపడింది. బ్రిటన్ 1995 చట్టంతో ఆడవాళ్ల పెన్షన్ వయసును 60 నుంచి మగవాళ్లతో సమానంగా 65 చెయ్యాలని నిర్ణయించింది. సమానత్వం మంచిదే. కానీ 1950లలో పుట్టిన ఎందరో ఆడవాళ్లకు ఆ సంగతి సకాలంలో ఇంటికి తెలియలేదు. అరవై వచ్చింది, ఇక విశ్రాంతి అనుకుంటే ఇంకా ఏళ్లున్నాయని తెలిసింది. ఉత్తరాలు పంపడంలో అక్కడి పెన్షన్ల శాఖ చేసిన జాప్యం తప్పేనని 2024 మార్చిలో అక్కడి పార్లమెంటు అంబుడ్స్‌మన్ తేల్చారు. ఒక్క ఉత్తరం సమయానికి రాకపోతే ఎన్ని జీవితాల లెక్క తప్పుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉత్తరం సమయానికి వస్తే ఏమవుతుందో స్వీడన్ చూపించింది. అక్కడ 1994లో అధికార పక్షం, ప్రతిపక్షాలు కలిసి ఐదు పార్టీలు పెన్షన్ మీద ఒక అంగీకారానికి వచ్చాయి. దీన్ని ఎన్నికల పందెం చెయ్యబోమని అనుకున్నాయి. కొత్త విధానం మొదలైనప్పటినుంచి పెన్షన్ ఖాతా ఉన్నవారికి ఏటా నారింజరంగు కవరులో ఒక కాగితం వెళ్తూ వచ్చింది. ఇప్పటిదాకా నీ ఖాతాలో ఎంత చేరింది, ఇలాగే పనిచేస్తే ఎంత వస్తుంది, ఇంకొన్నేళ్లు ఆగితే ఎంత పెరుగుతుంది అన్నీ అందులో ఉంటాయి. అక్కడి పెన్షన్ కూడా ఆర్థిక పరిస్థితిని బట్టి హెచ్చుతగ్గులవుతుంది. అందరూ సంతోషంగా ఉన్నారనీ చెప్పలేం. కానీ ఆ కవరు వల్ల ముసలితనం చీకట్లోంచి మీద పడదు. సినిమాభాషలో చెప్పాలంటే అది కాల్‌షీట్. రేపు ఎక్కడ, ఎన్నింటికి, ఏ పని అని ముందురోజే తెలిస్తే లైట్‌మన్ తెల్లవారుజామున నాలుగింటికైనా లేస్తాడు. చెప్పకుండా రమ్మంటేనే కష్టం.

కాబట్టి పాత పెన్షనా, కొత్త పెన్షనా అన్న వాదం దగ్గరే ఆగిపోతే మనం అసలు ప్రశ్నను వదిలేసినట్టే. పాత విధానంలో ముసలితనపు భారమంతా ఖజానా మీద ఉంది. సీపీఎస్‌లో అది ఒంటరి మనిషి మీద పడింది. మార్కెట్ పడిపోయిన ఏడాది రిటైరవడం ఆ మనిషి తప్పు కాదు, తొంభై ఏళ్లు బతకడమూ తప్పు కాదు. ఈ రెండు కష్టాలనూ మనిషీ ప్రభుత్వమూ కలిసి పంచుకోవాలి. వాటా కట్టమంటే ఉద్యోగులు కడతారు. ఇరవై ఏళ్లుగా కడుతూనే ఉన్నారు. వాళ్లు అడిగేది చివర్లో కాలు పెట్టడానికి గట్టి నేల. ఆ నేల ఎంత ఎత్తులో ఉంటుందో ముందే చెప్పాలి. చెప్పాక ఏ ప్రభుత్వం వచ్చినా దాన్ని తవ్వకూడదు.

ఆ నేల మీద చోటు పెద్దావిడకూ, లైట్‌మన్‌కూ ఉండాలి. పేద వృద్ధుల పెన్షన్‌లో కేంద్రం వాటా ఎనభై ఏళ్ల లోపువారికి నెలకు 200 రూపాయలే, చాలా ఏళ్లుగా అక్కడే ఉంది. ప్రైవేటు ఉద్యోగుల పెన్షన్ పథకమైన ఈపీఎస్‌లో కనీస పెన్షన్ 2014 సెప్టెంబరులో వెయ్యి అయింది, అదీ అక్కడే ఆగింది. ధరలు పెరిగినప్పుడు వీటికీ డీఆర్ లాంటి కదలిక ఉంటే, ప్రతి ఎన్నికలోనూ వేలంపాటలా పెంచవలసిన పని ఉండదు. పెద్దావిడ ఎవరి సభకూ వెళ్లనక్కర్లేకుండా తన 2,016 తనంతట తానే పెరుగుతుంది. అప్పుడు పింఛను కూడా పెన్షన్ అవుతుంది.

సినీ కార్మికుల కోసం 1981లోనే కేంద్రం సంక్షేమ నిధి చట్టం చేసింది. ప్రతి సినిమా మీదా చిన్న సెస్సు వేసి వైద్యానికి, పిల్లల చదువులకు, ఇళ్లకు ఖర్చుపెట్టేవారు. 2017లో జీఎస్టీ రాకతో ఆ సెస్సు పోయింది. 2024లో కర్ణాటక సినిమా టికెట్ల మీద ఒకటి నుంచి రెండు శాతం దాకా సెస్సుతో సినీ, సాంస్కృతిక కార్మికులకు నిధి పెట్టేందుకు చట్టం చేసింది. 2025 అక్టోబరులో మన యూసుఫ్‌గూడలోనే జరిగిన సినీ కార్మికుల సభలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి, టికెట్ ధర పెంచుకుంటే వచ్చే అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలన్నారు. మంచి మాట. అది పెద్ద సినిమా వచ్చినప్పుడు మాత్రమే కదిలే మాటగా మిగలకూడదు. చిన్న సినిమాకు లైటు పట్టినవాడికీ ముసలితనం వస్తుంది. ఏ సినిమాకు ఎన్ని రోజులు పనిచేశాడో కార్డు మీద లెక్క ఉంటే, ఆ రోజులన్నీ ఒక ఖాతాలో చేరితే, అరవయ్యో ఏట అతనికీ ఒక ఒకటో తారీఖు ఉంటుంది. ఆ సినిమాలు చూసి చప్పట్లు కొట్టిన మనం టికెట్‌తో పాటు ఒక రూపాయి ఎక్కువ ఇవ్వడానికి వెనకాడతామని అనుకోం.

మధురానగర్ ఇంటికి తిరిగి వద్దాం. లైట్‌మన్ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేని మాస్టారు ఊరుకోలేదు. పథకాల కాగితాలు ముందేసుకుని, కళ్లజోడు సర్దుకుని చదివారు. అటల్ పెన్షన్ యోజన ఉంది, శ్రమయోగి మాన్‌ధన్ ఉంది. రెండింట్లోనూ చేరడానికి వయసు నలభై దాటకూడదు. లైట్‌మన్‌కు యాభై రెండు. "నీకు ఆలస్యమైంది నాయనా" అని చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన తల దించుకున్నారట. ఆ తరవాత లైట్‌మన్ కొడుకును పిలిపించారు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు, కెమెరా శాఖలో సహాయకుడు. అతనిచేత అటల్ పెన్షన్ ఫారం నింపించారు. నెలకు 376 రూపాయలు కడితే అరవయ్యో ఏట నుంచి నెలకు ఐదు వేలు. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే అప్పటి ఐదు వేలు ఇప్పటి 650 రూపాయలకు సమానమని లెక్కల మాస్టారు కాగితం వెనక వేసుకున్నారు. ఆ అంకె కుర్రాడికి చూపించి, "ఇది చాలదు. కానీ మొదలుపెట్టు. చాలినంత చెయ్యమని అడుగుతూ ఉండు" అన్నారు.

ఫారం నింపగలిగినవాడికి ఒక దారి దొరికింది. పక్కనే నిలబడ్డ తండ్రికి దొరకలేదు. అతను మళ్లీ ఒకటో తారీఖున మెట్లు దిగుతాడు. "పడిందా మాస్టారూ?" అని నవ్వుతూనే అడుగుతాడు. ఆ అడిగిన మాటను మాస్టారు ఒక్కరే కాదు, రెండు అసెంబ్లీలూ, ఢిల్లీ పార్లమెంటూ, గుట్ట మీది స్టూడియోలూ వినాలి. ఏదో ఒక ఒకటో తారీఖున అదే ప్రశ్నను మాస్టారు అడగాలి, లైట్‌మన్ తన ఫోను చూసుకుని "పడింది మాస్టారూ" అనాలి. అంతకంటే పెద్ద సంస్కరణ మనకు అక్కర్లేదు.